గోస్తనీ ఒడ్డున ఉపవాస శుక్రవారం

ఆనందపురం పూల మార్కెట్టు దాటగానే కండక్టరు గొంతు లేస్తుంది. "తగరపువలస, తగరపువలస! దిగేవాళ్లు ముందుకి రండి." విశాఖ నుంచి వచ్చిన 222 బస్సు దిగండి. ఎండ ఇంకా ముదరలేదు. భీమిలి వైపు పోయే ఆటోలు జనం కోసం కాచుకుని ఉన్నాయి. కూరగాయల బళ్లు తప్పించుకుంటూ గోస్తనీ నది ఒడ్డునున్న చిట్టివలస వైపు నాతో నడవండి. కాసేపటికి హైవే హోరు వెనకబడి డోలక్ దెబ్బ వినపడుతుంది. ఆ చప్పుడు పట్టుకుని పోతే మందిరం దొరుకుతుంది.

పెద్ద గుడి కాదు. రేకుల కప్పు, సున్నం వేసిన గోడలు, గోడ మీద నీలం రంగుతో రాసిన బైబిలు వాక్యం. గుమ్మం బయట చెప్పులు చూడండి. సిమెంటు అంటుకున్నవి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి, వాటి మధ్య కంపెనీ వాళ్లిచ్చిన బూట్లు ఒక జత. నైట్ షిఫ్టు దిగినవాడు ఇంటికి పోకుండా నేరుగా ఇటే వచ్చేశాడు. అలిసిన ఒంటికి నిద్రకన్నా ముందు ప్రార్థన కావాలనిపించింది.

లోపల చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. కొంగులు తలల మీదికి వచ్చాయి. "వందనాలు" అంటూ ఇద్దరు జరిగి మీకు చోటిస్తారు. ఎవరు మీరు, ఎవరి తాలూకు అని అడగరు. ఇది ఉపవాస ప్రార్థన, పొద్దుట్నుంచి ఎవరూ ఏమీ ముట్టలేదు. షుగరున్న వాళ్లకి మాత్రం పాస్టరుగారు ముందే చెప్పేశారు, టిఫిను తిని మాత్ర వేసుకునే రావాలని. ఆ మాట విన్నప్పుడే నాకు ఈ మందిరం మీద నమ్మకం కుదిరింది.

పాట ఎత్తుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోది, పురుషోత్తమ చౌదరి గారిది. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆయన కీర్తనలంటే ఈ ఉత్తరాంధ్ర సంఘాలకి సొంత ఆస్తి. పుస్తకం తెరిచినవాళ్లు తక్కువ. అక్షరం రాని ముసలమ్మలకి కూడా చరణాలన్నీ నోటికి వచ్చు. వెనక వరసలో ఒకామె గొంతు పల్లవి పైకి వెళ్లేసరికి జీరపోయింది. ఆవిడ ఆపలేదు. చేతి తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు.

ఇప్పుడు సాక్ష్యాలు. నడివయసు దాటిన ఆవిడ ఒకరు కొంగు సర్దుకుని లేచారు. మైకు వద్దన్నారు.

"నా పెనిమిటి జూట్ మిల్లులో పన్జేసీవోరండి. మిల్లు మూసీసినారు. రేపు తీస్తారు, ఎల్లుండి తీస్తారని సూసినాం. తియ్యనేదు. ఆయన ఇంట్లో కూకుండిపోనారు. మాటాడ్డం మానీసినారు."

ఆవిడ ఒక్క క్షణం ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు.

"నాను ఇక్కడే, ఈ సాప మీదే, మిల్లు తెరిపించు తండ్రీ అని ఏడిసినాను. మిల్లు తెరుసుకోనేదు. నాను మాత్రం పడిపోనేదు. నాలుగిళ్లలో పన్జేసి పిల్లల్ని సదివించినాను. ఆయన కూడా, ఇదిగో, ఆ మూల కూకున్నారు."

అందరూ చప్పట్లు కొడతారనుకుంటారు మీరు. కొట్టరు. "స్తోత్రం" అన్న ఒక్క మాట సన్నగా చాపలన్నిటి మీదుగా పోతుంది. మూలనున్న ఆ పెద్దాయన తల దించుకునే ఉన్నాడు గానీ పెదవులు కదులుతున్నాయి.

చిట్టివలస జూట్ మిల్లు ఈ పక్కదే. 2009లో మూతపడింది. తరాల తరబడి గోగునారతో బతికిన పేటలివి, షిఫ్టులను బట్టే పొయ్యి వెలిగేది, పెళ్లి ముహూర్తం కుదిరేది. మూతపడ్డాక చేతులే కాదు, మాట కూడా పడిపోయింది చాలా ఇళ్లలో. జీతం ఆగిన ఇంట్లో మగవాడికి ముందు పోయేది ఆకలి కాదు, మొహం చూపించే ధైర్యం. దాన్ని తిరిగి నిలబెట్టే చోటు ఏదైనా సరే, నేను తేలిగ్గా తీసుకోలేను.

పాస్టరుగారు బైబిలు తెరిచారు. రెండో కొరింథీ పత్రిక, పన్నెండో అధ్యాయం. కొరింథు కూడా మన విశాఖలాగే రేవు పట్నమే. అటొక ఓడరేవు, ఇటొక ఓడరేవు, మధ్య కూలి జనం, వ్యాపారులు. పౌలు ఆ సంఘానికి తన ఒంట్లో ఉన్న ముల్లు గురించి రాశాడు. ఆ ముల్లు ఏ జబ్బో ఎక్కడా చెప్పలేదు.

"తీసెయ్యమని ఎన్నిసార్లు అడిగాడు?"

"మూడుసార్లు!"

"తీశాడా?"

సంఘమంతా మౌనం. ఫ్యాను కిర్రుమంటోంది.

"తియ్యలేదు. మరేం ఇచ్చాడు?"

"కృప," అంది ఇందాకటి జీర గొంతు ముసలమ్మ.

నేను ఎన్నో సభలు చూశాను. జబ్బు ఇప్పుడే పోతుంది, అప్పు రేపే తీరుతుంది అని మైకులో అరిచే సభలూ చూశాను. అక్కడినుంచి జనం ఆశతో వెళ్తారు, జబ్బు తగ్గకపోతే తమ విశ్వాసం చాలలేదని తమనే నిందించుకుంటారు. అది అన్యాయం. ఈ రేకుల కప్పు కింద విన్నది వేరు. ముల్లు ఉండగానే నడవొచ్చు, పక్కన నడిచేవాడు ఉన్నాడు అన్నారు. బలమంటే నాకు తెలిసినంతలో ఇదే.

మీ పక్కామె ఒడిలో బైబిలు చూడండి. ప్లాస్టిక్ అట్ట, వీపుకి బ్రౌన్ టేపు. కీర్తనల దగ్గర అంచులు వేళ్ల జిడ్డుకి నల్లబడ్డాయి. మధ్యలో మడత పెట్టిన విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ చీటీ, ఒక పిల్లాడి పాస్‌పోర్టు సైజు ఫొటో. ఈ పుస్తకం తెలుగులో అచ్చుకెక్కిన కథ మన విశాఖలోనే మొదలైంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ పండితుడు క్రైస్తవం స్వీకరించి అనువాదానికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మూడు సువార్తలు సెరంపూరులో అచ్చయింది 1812లో. కొత్త నిబంధన మొత్తం 1818లో గానీ రాలేదు, దాన్ని పూర్తి చేసింది ప్రిచెట్ అనే మిషనరీ. ఆ మొదటి ఇద్దరూ అచ్చు కాగితం చూడకుండానే పోయారు. వాళ్లు మొదలుపెట్టిన పనే ఈ టేపు వేసిన పుస్తకం దాకా వచ్చింది.

ఇప్పుడు అందరూ మోకాళ్ల మీదికి వస్తున్నారు. ఒక్కసారిగా గొంతులు లేస్తాయి. మొదట గోలగా వినిపిస్తుంది, కంగారుపడకండి. చెవి పెట్టండి. ఒకరు కొడుకు కానిస్టేబుల్ సెలక్షన్ కోసం. ఒకరు భర్త తాగుడు మానాలని. ఒకరు డయాలసిస్ మీదున్న అన్న కోసం. జాగ్రత్తగా వింటే, చాలామంది అడుగుతున్నది తమ మనవి కాదు, పక్కవాళ్లది. టేపు బైబిలు ఆవిడ మీ వైపు తిరిగి చెయ్యి భుజం మీద వేసింది.

"మీ మనవి ఏటి?"

ఏమీ లేదని చెప్పబోతారు. గొంతు సహకరించదు.

రెండు దాటాక నిమ్మకాయ నీళ్లు, పులిహోర. ఉపవాసం విడిచారు. కబుర్ల మధ్యే లెక్కలు తేలిపోయాయి. రేపు స్కానింగుకి కేజీహెచ్ వెళ్లాల్సిన ఆవిడతో ఇద్దరు తోడు వెళ్తారు, ఆటో ఖర్చు కానుకలోంచి ఇస్తారు. ఆవిడ పిల్లాడిని స్కూలు నుంచి తెచ్చే పని జూట్ మిల్లు పెద్దాయన తీసుకున్నాడు. ప్రార్థనలో అడిగిన వాటిలో కొన్నిటికి ఇక్కడే, చేతులు కడుక్కునే కుళాయి దగ్గరే, జవాబు దొరికింది.

మీకూ ఒక ముల్లు ఉంటే శుక్రవారం పూట దగ్గర్లో ఉన్న మందిరానికి వెళ్లండి. ఆలస్యమైనా చోటిస్తారు. మనవి దాచుకోకండి, నోరు తెరిచి చెప్పండి. మీ పక్కవాళ్లది కూడా అడిగి తెలుసుకోండి. ప్రార్థన చేయించుకున్నాక మందులు మాత్రం మానకండి.