లినక్స్ కంప్యూటర్‌తో ఇంటి నిఘా కెమెరాలు: పుదుచ్చేరిలో కొనేముందు ఏం చూడాలి?

పుదుచ్చేరి పట్టణంలో ఇంటికి నిఘా కెమెరాలు అమర్చుకుందామని దుకాణానికి వెళ్లినవారికి సాధారణంగా వినిపించే మాట ఒకటుంది: ‘‘ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు’’. ఆ యాప్ ద్వారా మన ఇంటి దృశ్యాలు ఏ సర్వర్‌కు చేరుతున్నాయి, పాత రికార్డింగు చూడాలంటే నెలకు ఎంత చెల్లించాలి, కంపెనీ ఆ సేవను నిలిపివేస్తే కెమెరా పనిచేస్తుందా అన్న ప్రశ్నలకు మాత్రం అక్కడ సమాధానం దొరకడం కష్టం.

ఇంట్లో లినక్స్ కంప్యూటర్ ఉన్నవారికి మరో మార్గం ఉంది. రికార్డింగు మొత్తాన్ని ఇంట్లోనే, సొంత డిస్కులో భద్రపరచుకోవచ్చు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే లభిస్తుంది. అయితే దానికి తగిన కెమెరాను ముందే ఎంచుకోవాలి. యాప్‌తో మాత్రమే పనిచేసే కెమెరాను కొన్నాక దానిని లినక్స్‌కు అనుసంధానించడం చాలా సందర్భాల్లో సాధ్యం కాదు.

ఏ కెమెరా లినక్స్‌తో పనిచేస్తుంది?

అవతలి కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో కెమెరాకు తెలియనవసరం లేదు. రెండూ ఒకే ప్రమాణాన్ని పాటిస్తే సరిపోతుంది. ఇటువంటి ప్రమాణాలు రెండున్నాయి. మొదటిది ఆర్‌టీఎస్‌పీ. 1998లో ఖరారైన ఈ విధానంలో కెమెరా తన వీడియోను స్థానిక నెట్‌వర్క్‌లో ఒక చిరునామా వద్ద అందుబాటులో ఉంచుతుంది. రెండవది ఆన్విఫ్. యాక్సిస్, బాష్, సోనీ సంస్థలు 2008లో కలిసి ప్రారంభించిన ఈ వేదిక, వేర్వేరు కంపెనీల కెమెరాలను ఒకే సాఫ్ట్‌వేర్ గుర్తించి నియంత్రించేలా నిబంధనలు రూపొందించింది. పెట్టెపై ‘ఆన్విఫ్’ అని ఉంటే సరిపోదు, ప్రొఫైల్ ఎస్ లేదా ప్రొఫైల్ టీ అని స్పష్టంగా ఉండటం మేలు. హెచ్.265 వీడియో కావాలనుకునేవారు ప్రొఫైల్ టీ ఉన్నదానినే ఎంచుకోవాలి.

దుకాణంలోనే పరీక్షించే వీలుంటే ఇంకా మంచిది. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి, కెమెరా ఆర్‌టీఎస్‌పీ చిరునామాను ఇచ్చి, బొమ్మ కనిపిస్తుందేమో చూడాలి. కనిపించిందంటే లినక్స్ సాఫ్ట్‌వేర్‌లలో దాదాపు అన్నింటికీ ఆ కెమెరా పనికివస్తుంది.

ఇక్కడ కొన్ని చిక్కులున్నాయి. పాత నమూనా కెమెరాల సెట్టింగుల పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, అదీ ప్రత్యేక ప్లగిన్ ఉంటేనే తెరుచుకుంటుంది. ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో స్వస్తి చెప్పింది. పాత సరుకును తక్కువ ధరకు ఇస్తామన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగుల పేజీ తెరుచుకోని కెమెరా లినక్స్ వాడేవారికి భారమే. బ్యాటరీతో నడిచే కెమెరాలు విద్యుత్ ఆదా కోసం ఎక్కువ సమయం నిద్రాణంగా ఉంటాయి కనుక వాటిలో చాలావరకు ఆర్‌టీఎస్‌పీ సదుపాయం ఉండదు. టీపీ-లింక్ వారి టాపో శ్రేణిలో కరెంటుతో నడిచే అనేక నమూనాలకు ఈ సదుపాయం ఉన్నా, ముందుగా యాప్‌లో ‘కెమెరా అకౌంట్’ పేరిట వేరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సృష్టించుకోవాలి.

ఇప్పటికే కేబుల్ కెమెరాలు, డీవీఆర్ పెట్టె ఉన్నవారు వాటిని పారేయనక్కరలేదు. చాలా డీవీఆర్‌లు ఒక్కో కెమెరా దృశ్యాన్ని ఒక్కో ఆర్‌టీఎస్‌పీ చిరునామాగా అందిస్తాయి. గది లోపల ఒక్క మూల మాత్రమే చూడాలంటే మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ కూడా చాలు. వాటికి అవసరమైన డ్రైవర్ 2008 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది.

మూడు సాఫ్ట్‌వేర్లు, మూడు స్వభావాలు

‘మోషన్’ అన్నింటికన్నా తేలికైనది. డెబియన్, ఉబుంటు భాండాగారాల నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పాత కంప్యూటర్‌పైనా నడుస్తుంది. దృశ్యంలో మార్పు వచ్చినప్పుడు రికార్డింగు ప్రారంభించడమే దాని పని. ఆ మార్పు మనిషి వల్ల వచ్చిందా, గాలికి ఊగిన కొబ్బరి మట్ట వల్ల వచ్చిందా అన్నది దానికి తెలియదు. వర్షాకాలపు రాత్రులలో అది వందలకొద్దీ నిరర్థకమైన క్లిప్పులు పోగుచేయగలదు.

‘జోన్‌మైండర్’ రెండు దశాబ్దాలకు పైబడిన ప్రాజెక్టు. దాని సృష్టికర్త ఫిలిప్ కూంబ్స్ తన ఇంటి గ్యారేజీలోని పనిముట్లు దొంగతనానికి గురైన తరువాత తొలి రూపాన్ని రాసుకున్నారు. ఎక్కువ కెమెరాలు, ఒకరికంటే ఎక్కువమంది వినియోగదారులు, తేదీలవారీ వెతుకులాట కావలసినవారికి ఇది అనువైనది. డేటాబేస్, వెబ్ సర్వర్ రెండూ దానితోపాటు నడవాలి కనుక ఏర్పాటుకు ఓపిక అవసరం.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ వ్యాస రచయిత సూచించేది ‘ఫ్రిగెట్’. ఇది మనుషులను, వాహనాలను, జంతువులను వేర్వేరుగా గుర్తిస్తుంది. ఆ విశ్లేషణ అంతా ఇంట్లోని కంప్యూటర్‌లోనే జరుగుతుంది. వీధికుక్క వెళ్లినప్పుడు మౌనంగా ఉండి, గేటు వద్ద మనిషి ఆగినప్పుడు మాత్రమే హెచ్చరించేలా అమర్చుకోవచ్చు. దీనిని డాకర్ ద్వారా ఏర్పాటు చేసుకోవాలి. కేవలం ప్రాసెసర్‌పైనే గుర్తింపు పని నడిపితే భారం పెరుగుతుంది. ఇంటెల్ చిప్‌లలో అంతర్భాగంగా ఉండే గ్రాఫిక్స్‌ను ఉపయోగించుకుంటే చిన్న కంప్యూటర్ కూడా నాలుగు కెమెరాలను మోయగలదు. కెమెరా ఇచ్చే రెండు ప్రవాహాలలో చిన్నదానిని గుర్తింపునకు, పెద్దదానిని రికార్డింగుకు కేటాయించాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించకనే కంప్యూటర్ వేడెక్కిపోతోందని చాలామంది విసిగిపోతుంటారు.

డిస్కు లెక్క సులభమే. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో వీడియో పంపే కెమెరా రోజంతా రికార్డు చేస్తే సుమారు 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు 173 జీబీ. పదిహేను రోజులు నిల్వ ఉంచాలంటే రెండున్నర టీబీ దాటుతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేస్తే ఇందులో కొద్ది భాగమే సరిపోతుంది.

పీసీలో లినక్స్ వేసుకోవడమే కొత్త అయినవారికి పుదుచ్చేరిలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ వంటి స్వచ్ఛంద బృందాలు ఉన్నాయి.

ఉప్పు గాలి, తుపాను, కరెంటు కోత

సముద్రతీర పట్టణంలో కెమెరాకు ప్రధాన శత్రువు ఉప్పుతేమ. ఐపీ66, ఐపీ67 గుర్తులు నీరు, ధూళి లోపలికి పోకుండా ఉండే రక్షణను సూచిస్తాయే గాని తుప్పు పట్టదని హామీ ఇవ్వవు. గూబేర్ అవెన్యూ చుట్టుపక్కల ఇళ్లవారు మరలను స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి తీసుకోవడం, తీగ కలిసే చోటును చిన్న ప్లాస్టిక్ పెట్టెలో మూసివేయడం మంచిది. చాలా కెమెరాలు పాడయ్యేది కటకం వద్ద కాదు, ఆ కలయిక వద్దే. ఈ మాట యానాంవారికీ వర్తిస్తుంది.

2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసి అనేక వీధులు నీట మునిగాయి. అందువల్ల రికార్డింగు కంప్యూటర్‌ను నేలపై ఉంచరాదు. నెట్‌వర్క్ తీగ ద్వారానే కెమెరాకు విద్యుత్ అందించే పీఓఈ పద్ధతిని ఎంచుకుంటే, స్విచ్చుకూ కంప్యూటర్‌కూ ఒక్క యూపీఎస్ పెట్టి ఇంటి కెమెరాలన్నింటినీ నడపవచ్చు. ఒక తీగ 100 మీటర్ల దూరం వరకు పనిచేస్తుంది. ఇంటర్నెట్ పోయినా రికార్డింగు ఆగదు.

ఇంటిని కాచే కెమెరాయే దారి తెరిస్తే?

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను పెద్ద సంఖ్యలో వశం చేసుకుంది. అదే ఏడాది అక్టోబరు 21న వాటితో ‘డిన్’ సంస్థపై జరిగిన దాడి వల్ల ట్విటర్ సహా పలు ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి అందుబాటులో లేకుండా పోయాయి. 2021లో హిక్‌విజన్ కెమెరాలలో పాస్‌వర్డ్ లేకుండానే నియంత్రణ చేజిక్కించుకోగల లోపం బయటపడింది. భారత్‌లో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. బిల్లుతోపాటు ఆ ధ్రువీకరణ వివరం అడగడం కొనుగోలుదారు హక్కు.

ఇంటివద్ద చేయగలిగింది, కెమెరాలకు ఇంటర్నెట్ దారిని రౌటర్‌లో మూసివేయడం. అవి లినక్స్ కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడాలి. బయటి ఊరి నుంచి చూడాలనుకుంటే రౌటర్‌లో పోర్టులు తెరవకుండా వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ వాడాలి. ఇంటర్నెట్ లేని కెమెరా గడియారం క్రమంగా తప్పుతుంది కనుక, సమయాన్ని కూడా ఆ కంప్యూటరే అందించేలా ఏర్పాటు చేయాలి.

కెమెరా ఎటు చూస్తుందన్నదీ ముఖ్యమే. పాత పట్టణంలోని ఇరుకు వీధులలో గుమ్మంపై పెట్టిన కెమెరాకు ఎదురింటి అరుగు, కిటికీ కనిపిస్తాయి. ఆ భాగాన్ని నల్లగా కప్పే ‘ప్రైవసీ మాస్క్’ సదుపాయం చాలా కెమెరాలలో ఉంటుంది, దానిని వాడాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం వ్యక్తిగత, గృహ అవసరాలకు మినహాయింపు ఇచ్చినప్పటికీ, గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు అలాగే ఉంది. ఉమ్మడి ఇంటిలో తోటి నివాసుల సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పగా, అందులో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. అన్నదమ్ములు వాటాలు పంచుకున్న పాత ఇళ్లలో ఉండేవారు దీనిని గమనించాలి.

దొంగతనం జరిగి పోలీసులకు వీడియో ఇవ్వవలసి వస్తే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతపరచాలి. అందులో ఫైలు హ్యాష్ విలువను పేర్కొనాలి. లినక్స్‌లో దీనికి ‘షా256సమ్’ అనే ఆదేశం సిద్ధంగా ఉంటుంది. అసలు ఫైలును కత్తిరించకుండా, వేరే రూపానికి మార్చకుండా పక్కన పెట్టి, ముందుగా ఆ విలువను నమోదు చేసుకుని, ఆ తరువాతే ప్రతులు తీయాలి.