భూటాను: ఏటినీరు, ఎరువుసొమ్ము

భూటానుదేశమును గుఱించి మన పత్రికలలో వ్రాయువారు తఱచుగా అచటి మఠములను, మంచుకొండలను, సంపదకంటె సౌఖ్యమే దేశమునకు కొలత యని రాజుగారు పలికిన మాటను వర్ణింతురు. ఆ వర్ణనలను మేమును ఇష్టముతోనే చదివితిమి. అయితే గడచిన అఱువదియేండ్లలో ఆ దేశపు బ్రతుకును మార్చినవి ఋణపత్రములు. ఎవరు ధనమిచ్చిరి, ఏ నియమములమీద నిచ్చిరి, కొండ విఱిగిపడినచో నష్టమెవరిపాలు అని విచారించినయెడల భూటాను నవీనచరిత్రము చాలవఱకు మనకు బోధపడును. ఆ ధనములో మన పన్నుల సొమ్మును కలదు గనుక తెలుగు చదువరులకు ఇది పరాయిముచ్చట కాదు.

దేశము చిన్నది. వైశాల్యము సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు. ప్రజలు ఎనిమిది లక్షలకు లోపు. మన జిల్లా యొక్కటి చాలును ఆ జనసంఖ్యను మించుటకు. 1958లో జవహర్‌లాల్ నెహ్రూగారు అచటికి పోవలసి వచ్చినప్పుడు బండి పోవు బాట లేదు. సిక్కిముమీదుగా నాథులా కనుమ దాటి, టిబెట్టులోని చుంబీలోయగుండ, కొండదారులలో స్వారిచేయుచు నడచుచు పోయిరి. 1961లో భూటాను మొదటి పంచవర్షప్రణాళిక మొదలయ్యెను. దాని వ్యయమంతయు భారతదేశమే భరించెను. ఆ యేటనే జల్‌ఢాకా ఒడంబడిక జరిగినది. భూటానునుండి బెంగాలులోనికి దిగివచ్చు ఆ యేటిమీద మనవారు తమ సరిహద్దులో విద్యుత్కేంద్రము కట్టుకొని, భూటానునకు కొంత విద్యుత్తును, కొంత ప్రతిఫలమును ఇయ్యనొప్పుకొనిరి. కొండవాగునకు ధర కట్టవచ్చునని భూటానువారికి తెలిపిన తొలి పత్రమదియే యని మా యూహ.

ఆ తెలివి పెద్దపనికి వినియోగపడినది చూఖాలో. థింపూ లోయగుండ పాఱి, దక్షిణమునకు దిగి, బెంగాలు మైదానములో రైడాక్ అనిపించుకొను వాంగ్‌ఛూనదిమీద 336 మెగావాట్ల కేంద్రము కట్టుటకు 1974లో రెండు ప్రభుత్వములును ఒడంబడిక చేసికొనెను. అచట మన నాగార్జునసాగరమువంటి జలాశయము లేదు. ఏటిని చిన్న ఆనకట్టతో మలపి, కొండ తొలిచిన సొరంగములో నడిపి, దిగువనున్న యంత్రములమీదికి దుమికించి, ఆ నీటిని మరల ఏటికే విడుతురు. ఊళ్లు మునుగవు, నీరు తఱుగదు. అమ్ముడుపోవునది నీటి పతనము మాత్రమే. ఇట్టి కట్టడమునకు బొగ్గు ఖర్చు లేదు గాని ముందుగనే రాశిగా ధనము కావలెను. తొలి రూపాయి ఆదాయము వచ్చుటకు పదేండ్లు వేచియుండవలెను. ఇదియే కొండదేశముల చిక్కు. ఇంధనము దేవుడిచ్చినది, యంత్రము మాత్రము అప్పు తెచ్చినది.

చూఖాకు అయిన వ్యయము 246 కోట్ల రూపాయలు. దానిని భారతప్రభుత్వమే సమకూర్చెను. నూటికి అఱువది రూపాయలు తిరిగి తీర్పనక్కఱలేని ధనము. మిగిలిన నలువది అప్పు. వడ్డీ నూటికి ఐదు, గడువు పదునైదేండ్లు. యంత్రములు 1986-88లలో తిరుగసాగెను. 1991లో కేంద్రము భూటాను వశమయ్యెను. స్వదేశపు అక్కఱకు పోగా మిగిలిన విద్యుత్తునంతయు మనమే కొంటిమి. అప్పు తీఱినది, ఆదాయము నిలిచినది. ఆ దేశములో విద్యయు వైద్యమును ప్రజలకు ఉచితముగా దొరకుటకు ఈ ఆదాయము ముఖ్యాధారములలో నొకటి.

దీనిని కేవలము దాన మనుటకు మేము సమ్మతింపము. మొదటి యేండ్లలో చూఖా విద్యుత్తునకు మనమిచ్చిన ధర యూనిటునకు పైసలలోనుండెను. అనేకపర్యాయములు పెంపగా పెంపగా 2005 నాటికి రెండు రూపాయలాయెను. కాబట్టి ఇచ్చిన అఱువదిలో కొంత చౌకవిద్యుత్తు రూపమున మన తూర్పురాష్ట్రములకే తిరిగివచ్చినది. అయినను ఆ యొడంబడికలో ఒక గొప్పగుణ మున్నది. కొండలోపల ఏమున్నదో ముందుగా నెవరెఱుగుదురు? త్రవ్వునప్పుడు రాయి చెడి, పని ఆలసించి, ఖర్చు పెరిగినచో, ఆ పెరుగుదలలో అధికభాగము ధనికుడైన పొరుగువాని ఖాతాలో పడునట్లు వ్రాసికొనిరి. తాలా కేంద్రము దీనికి సాక్ష్యము. అదే నదిమీద చూఖాకు దిగువను, 1996 నాటి ఒడంబడిక ననుసరించి, 1,020 మెగావాట్ల శక్తితో కట్టినది. ఇరువదిమూడు కిలోమీటర్ల సొరంగములో మెత్తరాయి తగిలి పని జాగయ్యెను. 2006-07లలో గాని యంత్రములు తిరుగలేదు. వ్యయము నాలుగువేల కోట్లు దాటెను. వడ్డీ నూటికి తొమ్మిదికి పెరిగినను, ఆ అఱువది-నలువది పంపకము నిలిచియుండుటచే భూటాను కుదేలు కాలేదు.

ఇతరదేశముల ధనమును కొంత వచ్చినది. బసోఛూ వాగుమీది 64 మెగావాట్లు ఆస్ట్రియావారి సహాయమున వెలసినవి. కాని మాకు వింతగా తోచినది 126 మెగావాట్ల దగాఛూ కేంద్రము. అందు మన టాటాపవర్ కంపెనీకి నూటికి 26 పాళ్లు, భూటాను ప్రభుత్వపు విద్యుత్ సంస్థకు 59, అచటి ఉద్యోగుల పింఛను నిధికి 15. అప్పిచ్చినవారు ఆసియా అభివృద్ధి బ్యాంకును, ఒక ఆస్ట్రియా బ్యాంకును. ఇంతియకాక గాలికి సంబంధించిన ఆదాయ మొకటి కలదు. బొగ్గుపొగను తగ్గించిన దేశమునకు పత్రములిచ్చి, ఆ పత్రములను ధనికదేశములవారు కొనుట క్యోటో ఒడంబడికలోని యేర్పాటు. భూటానులో బొగ్గు కాల్చి విద్యుత్తు చేయువారే లేరు. ఇక తగ్గింపవలసిన పొగ యేది? దగాఛూ విద్యుత్తు సరిహద్దు దాటి మన దేశమునకు వచ్చి, ఇచటి బొగ్గును మిగిల్చును గనుక, ఆ మిగులును భూటాను ఖాతాలో వ్రాయవచ్చునని వాదించి నెగ్గిరి. 2010లో నమోదైన ఈ యేర్పాటు సరిహద్దు దాటిన వానిలో ప్రపంచమున మొదటిది. తర్కము ముచ్చటైనదే. కాని 2012 నాటికి ఆ పత్రముల ధర పడిపోయెను. 2015లో యంత్రములు తిరుగసాగునప్పటికి ఆ బేరములో పస లేదు.

ఇంతలో పెద్ద సంకల్పమొకటి పుట్టినది. 2020 లోపల 5,000 మెగావాట్లు కొందుమని 2006లో మనవారు మాట ఇచ్చిరి. 2009లో దానిని 10,000కు పెంచిరి. సంఖ్య పెరిగిన కొలది నియమములు బిగిసెను. పునాత్సాంగ్‌ఛూ మొదటి కేంద్రమునకు (1,200 మెగావాట్లు) ఉచితధనము నూటికి నలువది, అప్పు అఱువది. అదే నదిమీది రెండవ కేంద్రమునకును, మాంగ్దెఛూ కేంద్రమునకును ఉచితము ముప్పదియే, అప్పు డెబ్బది. వడ్డీ నూటికి పది. చూఖానాటి పంపకము తలక్రిందులైనది, వడ్డీ రెండింతలైనది. ఎరువుసొమ్ము బరువుచేటని మన పెద్దలు సామెత చెప్పిరి.

నియమములు బిగించినంతమాత్రమున మనకు లాభమా యని విచారింపవలసియున్నది. ఇట్టి కేంద్రములలో విద్యుత్తు ధరను కట్టునది ఖర్చునుబట్టి. ఆ ఖర్చులో వడ్డీయు చేరును. మాంగ్దెఛూ 720 మెగావాట్లతో 2019లో పూర్తియైనప్పుడు యూనిటు ధర 4 రూపాయల 12 పైసలుగా నిర్ణయించిరి. అనగా ఢిల్లీ ఖజానా భూటానువద్ద తీసికొను వడ్డీని భూటాను మన విద్యుత్తు వాడుకదారులవద్ద వసూలు చేయును. కుడిచేతి సొమ్ము ఎడమచేతికి మాఱునే గాని కొత్తసంపద ఏమియు పుట్టదు. యంత్రములు తిరుగునంతవఱకు ఇందులో ఎవరికిని ప్రాణహాని లేదు. మాంగ్దెఛూ చక్కగానే పనిచేయుచున్నది. చిక్కంతయు యంత్రములు తిరుగని చోటనే.

అట్టి చోటు పునాత్సాంగ్‌ఛూ. మొదటి కేంద్రమునకు అంచనా సుమారు 3,515 కోట్లు. ఆనకట్టకు పునాది త్రవ్వుచుండగా 2013 జూలైలో కుడిగట్టు కొండ జాఱెను. కొండను నిలుపుటకు ఉక్కుతాళ్లు దిగవేసిరి, కాంక్రీటు పోసిరి. ఆ చరియ మరల మరల కదలుచునేయుండెను. అంచనా 9,375 కోట్లకు పెరిగెను. అందులో పనిఖర్చొక్కటే గాక, పని జరుగునప్పుడు పెరుగు వడ్డీ కూడ అసలులో కలియును. ఆదాయము లేని యేండ్లలో వడ్డీమీద వడ్డీ పేరుకొనుట ఎట్టిదో మన పల్లెలలో పంట పోయిన రైతు నడిగినచో చెప్పును. ఆ కొండ అట్టిదని ముందుగా కనిపెట్టవలసినవారు ఎవరు? స్థలపరీక్ష, రచన, నిర్మాణము చాలవఱకు మనదేశపు సంస్థలచేతనే జరిగినవి. అప్పుపత్రముమీద పేరు మాత్రము భూటానుది. ఈ యొక్క విషయములో మన ప్రభుత్వపక్షమున వాదించుటకు మాకు నోరు రాదు.

2016 నాటికి భూటాను బయటి అప్పు ఆ దేశపు వార్షికోత్పత్తిని మించెను. అందులో మూడింట రెండు వంతులకు పైగా జలవిద్యుత్తు కొఱకు తెచ్చినదే. ఈ లెక్కను చూచి దేశము దివాలా యెత్తినదనువారు కొందఱు కలరు. అంత తొందర కూడదు. భూటాను నాణెమగు ఙుల్‌ట్రమ్ 1974 నుండియు మన రూపాయతో సమానముగా చెల్లుచున్నది. మనకు బాకీపడిన అప్పు రూపాయలలో, అమ్మకమును రూపాయలలోనే. నేపాలుమాట వేఱు. 1996 ప్రాంతమున విదేశకంపెనీలతో ఖింతీ, భోటేకోశీ కేంద్రములకు డాలర్లలో ధర కట్టికొని, రూపాయలలో వసూలు చేయు నేపాలు విద్యుత్ సంస్థ చిరకాలము కష్టపడెను. భూటాను ఆ గోతిలో పడలేదు. అయినను రూపాయయే కఱవైన దినములును వచ్చినవి. 2012లో బజారులో భారతరూపాయలు దొరకక, అచటి కేంద్రబ్యాంకు అప్పులను, దిగుమతులను బిగింపవలసివచ్చెను. కేంద్రముల నిర్మాణమునకై సిమెంటు, ఉక్కు, యంత్రములు, కూలీలు సరిహద్దుకు ఇవతలనుండియే పోవుటచే, వచ్చిన సొమ్ము వచ్చిన దారినే తిరిగిపోయెను.

మఱియొక లోపము ప్రకృతిది. జలాశయము లేదని పైన చెప్పితిమి. వానకాలమున ఏళ్లు పొంగి విద్యుత్తు మిగులును. చలికాలమున మంచు బిగిసి నీరు చిక్కి యంత్రములు చాలవఱకు ఊరకుండును. వాడుక హెచ్చిన కొలది చలినెలలలో భూటాను మనవద్దనే విద్యుత్తు కొనవలసివచ్చుచున్నది. మనకంపిన తీగలమీదుగనే అది వెనుకకు ఎక్కి పోవును.

ఇప్పుడు భూటాను ఒక్క వాకిట నిలువక పలువాకిళ్లు తట్టుచున్నది. భారతప్రభుత్వసంస్థతో పాలుపెట్టి తలపెట్టిన 600 మెగావాట్ల ఖోలోంగ్‌ఛూ పని నడుమ నిలువగా, భూటాను దానిని తన చేతికి తీసికొని, 2024లో టాటాపవరునకు నూటికి నలువది పాళ్లిచ్చుటకు ఒడంబడెను. 1,125 మెగావాట్ల దోర్జీలుంగ్ పనిని ప్రపంచబ్యాంకు ఋణముతో సంకల్పించినారు. ఉచితధనము తగ్గి, వాటాదారులు పెరుగుచున్నారు. ఇందులో మంచి లేకపోలేదు. వాటాదారుడు లాభముతోపాటు నష్టమును పంచుకొనును. దేశపు నదులు రాజ్యమునకు చెందునని 2008 నాటి రాజ్యాంగములో వ్రాసికొనిరి. నూటికి అఱువది వంతుల భూమి ఎన్నటికిని అడవిగనే యుండవలెనని అదే రాజ్యాంగము శాసించుచున్నది. ఏళ్లకు ఊట నిచ్చునది ఆ యడవియే. దానిని కాచుటకగు వ్యయము ఏ ఋణపత్రములోను లెక్కకు రాదు.

పునాత్సాంగ్‌ఛూ రెండవ కేంద్రము 1,020 మెగావాట్లతో 2025 నవంబరులో ప్రారంభమయ్యెను. అప్పుడే మొదటి కేంద్రపు ఆనకట్ట పనిని మరల చేపట్టుటకు రెండు ప్రభుత్వములును అంగీకరించినవి. సొరంగములు, యంత్రశాల మొదలగు తక్కిన కట్టడములు చాలవఱకు ముగిసి, ఆ కుడిగట్టు కొండ కుదుటపడుటకై కాచుకొనియున్నవి.