రెండో చీటీ

1996కు ముందు ఇజ్రాయెల్ ఓటరు చేతిలో ఒక్క చీటీయే. పార్టీకి వేసి వచ్చేవాడు. 120 సీట్ల క్నెస్సెట్‌లో ఎవరు 61 మందిని కూడగట్టుకుంటే వాళ్లే ప్రధాని. ఏ పార్టీకీ సొంతంగా అన్ని సీట్లు ఎన్నడూ రాలేదు. 1990లో ప్రభుత్వం కూలి, వారాలపాటు సాగిన బేరసారాలు చూసి జనం రోసిపోయారు. ప్రధానిని నేరుగా మేమే ఎన్నుకుంటామన్నారు. 1992 మార్చిలో చట్టమొచ్చింది. 1996లో ఓటరుకు రెండో చీటీ అందింది.

మరి అక్కడి అరబ్బుల సంగతి? 1948లో ఊళ్లు పోగా మిగిలినవాళ్లు, 1966 దాకా సైనిక పాలన కింద బతికినవాళ్లు. ఎక్కువమంది ముస్లిములు. పాత పద్ధతిలో వాళ్లకూ కాస్త పలుకుబడి దక్కింది. 1992 తర్వాత రాబిన్ ప్రభుత్వాన్ని నిలబెట్టింది అరబ్ ఓట్లతో గెలిచిన రెండు పార్టీల అయిదు సీట్లే. మంత్రి పదవులివ్వలేదు, గడప బయటే ఉంచారు. అయినా లెక్కలో ఉన్నారు.

రెండో చీటీ ఆ లెక్కనే చెరిపింది. 1996లో పోటీ పెరెస్, నెతన్యాహుల మధ్యే. ఎన్నికకు నెల ముందు, పెరెస్ హయాంలోనే, లెబనాన్‌లోని ఖానాలో ఐక్యరాజ్యసమితి శిబిరంపై ఫిరంగి గుండ్లు పడి వందమందికి పైగా చచ్చిపోయారు. ఆ చేతికే ఓటెయ్యాలా? చాలామంది పళ్లు బిగించి వేశారు. కొందరు ఖాళీ చీటీ వేసి వచ్చారు. పెరెస్ 30 వేల లోపు తేడాతో ఓడాడు.

1999లో అజ్మీ బిషారా ప్రధాని పదవికి నిలబడ్డ తొలి అరబ్బు. పోలింగుకు ముందే తప్పుకున్నాడు. అరబ్ ఓట్లలో నూటికి తొంభైకి పైగా బరాక్‌కు పడ్డాయి. గెలిచాక ఆయన అరబ్ పార్టీలను ప్రభుత్వంలోకి పిలవలేదు. ఓటు బ్యాంకు అనిపించుకున్న మాకు ఇది విడమర్చి చెప్పాలా? విచిత్రమేమంటే అరబ్ పార్టీల సీట్లు అయిదు నుంచి పదికి పెరిగాయి. సీట్లు రెట్టింపు, పలుకుబడి సున్నా. రెండు పెద్ద పార్టీలు 76 సీట్ల నుంచి 45కి పడ్డాయి. చిన్న పార్టీల బేరాలు ఆపడానికే కదా చట్టం తెచ్చింది!

2000 అక్టోబరు నిరసనల్లో పోలీసుల చేతిలో 13 మంది అరబ్బులు చనిపోయారు. 2001 ఫిబ్రవరిలో ప్రధానికి మాత్రమే ఎన్నిక. అరబ్ ఓటర్లలో అయిదుగురికి నలుగురు గడప దాటలేదు. షారోన్ 62 శాతంతో గెలిచాడు. మరుసటి నెలే క్నెస్సెట్ ఆ చట్టాన్ని రద్దు చేసింది.

మళ్లీ ఒక్క చీటీ. 2021 జూన్‌లో మన్సూర్ అబ్బాస్ పార్టీ నాలుగు సీట్లతో పాలక కూటమిలో చేరింది. ఆ ప్రభుత్వం 60–59తో గట్టెక్కింది.