టెర్మినేటర్ చిత్రాల్లో తిరిగొచ్చే సంభాషణలు

జేమ్స్ కామెరాన్ 1984లో తీసిన ‘ది టెర్మినేటర్’లో, బతకాలంటే తన వెంట రమ్మని సారా కానర్‌తో ఆమెను కాపాడేందుకు వచ్చిన కైల్ రీస్ అంటాడు. 1991 నాటి రెండో చిత్రంలో అదే మాట ఆమెతో అనేది ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పోషించిన యంత్రం. మొదటి చిత్రంలో తనను చంపడానికి వచ్చిన రూపాన్నే మళ్లీ చూసి భయంతో కూలబడ్డ సారాకు, ఒకనాటి రక్షకుడి మాట శత్రువు నోట వినిపిస్తుంది. కాబట్టి ఈ పునరుక్తి అలంకారం కాదు. పాత్రల తారుమారును వివరణ లేకుండా తెలిపే కథన సాధనం.

ఇదంతా అభిమానుల చప్పట్ల కోసమేనన్న ఆక్షేపణ ఉంది. తర్వాతి చిత్రాల్లో కొన్నిచోట్ల అది నిజమే. అయినా 2015 నాటి ‘జెనిసిస్’లో సారాయే కైల్‌ను కాపాడుతూ ఆ మాట అంటుంది. మళ్లీ వస్తానన్న ష్వార్జ్‌నెగర్ ప్రసిద్ధ వాక్యం 2019 నాటి ‘డార్క్ ఫేట్’లో ఆమెకే దక్కింది, యంత్రం మాత్రం ఇక తిరిగి రానంటుంది.