కారు కింద టక్ టక్: సస్పెన్షన్ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టడం ఎలా?

తెనాలి నుంచి రేపల్లెకో, బాపట్లకో ఇంటిల్లిపాదీ ఎక్కి బయల్దేరిన కారు గుంటల రోడ్డు ఎక్కగానే కింద ‘టక్ టక్’మని మొదలుపెడుతుంది. ఆపి చూస్తే ఏమీ కనిపించదు. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడి నున్నటి రోడ్డు మీద చప్పుడే రాదు. చివరికి ‘షాకర్లు పోయినట్టున్నాయి’ అన్న ఒక్క మాట మీద రెండు షాకర్లూ మార్పించేస్తారు. వేలల్లో బిల్లవుతుంది, చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది.

చప్పుడు విని పార్టు పేరు చెప్పేయడం వల్లే ఇలా జరుగుతుంది. ఒకే రకం ‘టక్’ నాలుగైదు పార్టుల్లో ఏది అరిగినా రావచ్చు. అది ఎప్పుడు వస్తోంది, గుంటలోనా, మలుపులోనా, బ్రేకు తొక్కితేనా, మనుషులు నిండితేనా అన్నదే అసలు ఆధారం. ఆ సంగతి బండి నడిపే ఇంటివాళ్లకు తెలిసినంతగా మెకానిక్‌కు తెలియదు.

ఈ వైపు బండ్లకు ఎందుకీ తిప్పలు

కృష్ణా డెల్టాలోది నల్లమట్టి నేల. తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు ఎక్కడికక్కడ కుంగుతుంది. అదే రోడ్డు మీద కోతల రోజుల్లో వడ్ల ట్రాక్టర్లు, లారీలు తిరుగుతాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వానల్లో గుంట లోతు కనిపించదు, కారు నేరుగా దిగబడుతుంది. రబ్బరు తొడుగు చిరిగి ఉంటే బురదనీళ్లు జాయింటులోకి పోతాయి.

దీనికి తోడు సముద్రపు గాలి. సూర్యలంక, నిజాంపట్నం వైపు తరచూ తిరిగే బండ్లకు ఉప్పు తేమ వల్ల స్ప్రింగులు, బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. బీచ్ నుంచి వచ్చాక కారు పైభాగం కడిగి ఊరుకోకుండా కింది భాగాన్ని కూడా మంచినీళ్లతో కడగాలి.

కింద ఏమేం ఉంటాయి

స్విఫ్ట్, ఎర్టిగా, ఐ10, ఐ20 లాంటి కార్లలో ముందు చక్రాలకు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అంటే షాకరు, దాని చుట్టూ స్ప్రింగు, పైన రబ్బరు మౌంటు, బేరింగు అన్నీ కలిసిన స్తంభం. కింద చక్రాన్ని పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. దానికి ఒక చివర బుష్‌లు, రెండో చివర బాల్ జాయింటు ఉంటాయి. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరగకుండా స్టెబిలైజర్ బార్ ఆపుతుంది. దాన్ని రెండు వైపులా కలిపేవి లింక్ రాడ్లు. స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పేది టై రాడ్. వెనక ఒక అడ్డ బీము, దాని బుష్‌లు, రెండు స్ప్రింగులు, రెండు షాకర్లు ఉంటాయి.

ముందు ఇవి తేల్చుకోండి

సస్పెన్షన్‌ను అనుమానించే ముందు మూడు పనులు చేయాలి. మొదటిది, వీల్ నట్లు. ఈమధ్య పంక్చర్ వేయించినా, చక్రం విప్పించినా నట్లు సరిగా బిగించారో లేదో పానాతో చూడండి. నట్లు వదులైనా టకటకమంటుంది, అది చాలా ప్రమాదం. రెండోది, డిక్కీ. జాకీ, పానా, స్టెప్నీ వదులుగా ఉంటే అచ్చం సస్పెన్షన్ చప్పుడులాగే వినిపిస్తాయి. అన్నీ తీసి ఇంట్లో పెట్టి ఒకసారి తిరిగి రండి. మూడోది, బ్రేకు. వెనక బండ్లేవీ లేనప్పుడు, చప్పుడు వచ్చే చోట నెమ్మదిగా పోతూ బ్రేకును కొద్దిగా తొక్కి పట్టండి. అప్పుడు చప్పుడు ఆగిపోతే ముందు బ్రేకు ప్యాడ్లు, క్యాలిపర్ పిన్నులు చూపించాలి.

ఎప్పుడు వస్తే దేన్ని అనుమానించాలి

• చిన్న చిన్న గతుకుల మీద, తక్కువ వేగంలో ‘టక్ టక్’: ఎక్కువగా లింక్ రాడ్డు, లేదా స్టెబిలైజర్ బార్ బుష్. దీనికో గుర్తు ఉంది. రోడ్డు పొడవునా అడ్డంగా వేసిన స్పీడ్ బ్రేకర్‌ను రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కితే చప్పుడు తక్కువగా, ఒక్క చక్రమే గుంటలో పడితే ఎక్కువగా వస్తుంది. రెండు వైపులూ వేర్వేరుగా కదిలినప్పుడే ఆ బారుకు పని పడుతుంది కాబట్టి.

• పెద్ద గుంటలో ‘ధబ్’మని బరువైన దెబ్బ: స్ట్రట్ మౌంటు, లోయర్ ఆర్మ్ బుష్, పనైపోయిన షాకరు.

• బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’మని స్ప్రింగు ఎగిరిన చప్పుడు: స్ట్రట్ పై బేరింగు.

• స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ‘కిర్రు’మనడం: ఎండిన బుష్, గ్రీజు పోయిన బాల్ జాయింటు. అనుమానం ఉన్న బుష్ మీద నీళ్లు చల్లి చూడండి. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే దొంగ అదే.

• స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు పోతుంటే ‘కట కట’: ఇది సస్పెన్షన్ కాదు, యాక్సిల్ జాయింటు. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది.

• వేగంతోపాటు పెరిగే ‘గుయ్’ మోత: వీల్ బేరింగు. రోడ్డు మారితే మోత మారిపోతే అది టైరుది కావచ్చు. కుడి మలుపులో మోత పెరిగితే ఎడమ బేరింగును, ఎడమ మలుపులో పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి. మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది.

• పెళ్లికో, పండక్కో మనుషులు, సామాన్లు నిండినప్పుడే వెనక దెబ్బ: వెనక షాకర్లు, బీము బుష్‌లు, బంప్ రబ్బర్లు. సైలెన్సర్ పైపు ఎక్కడైనా తగులుతోందేమో కూడా చూడాలి.

ఇంటి దగ్గర చేసుకోగల పరీక్షలు

చప్పుడు వినే పని డ్రైవర్‌ది కాదు. ఇంట్లో ఇంకొకరు మొదట ముందు సీట్లో, తర్వాత వెనక సీట్లో కూర్చుని వినాలి, ఫోన్‌లో రికార్డు చేయాలి. ప్రహరీ గోడ ఉన్న సందులో అద్దాలు దించి నెమ్మదిగా పోతే చప్పుడు గోడకు కొట్టి తిరిగొస్తుంది. ఏ పక్కదో తెలుస్తుంది.

ఆగిన కారు ఒక్కో మూలనూ గట్టిగా కిందికి నొక్కి వదలండి. రెండు ఊపుల కంటే ఎక్కువ ఊగితే షాకరు బలహీనమైనట్టే. ఊగకపోయినంత మాత్రాన షాకరు బాగుందని కాదు. షాకరు మీద సన్నటి నూనె తేమ ఉంటే భయం లేదు, నూనె కారుతుంటే మార్చాలి. సమమైన నేల మీద నాలుగు మూలల ఎత్తూ పోల్చండి. ఒక మూల కుంగి ఉంటే స్ప్రింగు విరిగిందేమో చూడాలి. సాధారణంగా కింది చివరి చుట్టు దగ్గరే విరుగుతుంది.

చక్రం పైకెత్తి కదిపే పరీక్షను షెడ్డులో చేయించడమే మంచిది. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. చక్రాన్ని పైన, కింద పట్టి ఊపితే ఆట ఉంటే బేరింగు లేదా బాల్ జాయింటు. రెండు పక్కలా పట్టి ఊపితే ఆట ఉంటే టై రాడ్ వైపు.

షెడ్డులో ఏం అడగాలి

‘షాకర్లు చూడండి’ అని అడగకండి. ‘ఎడమ చక్రం గుంటలో పడితే, ఇరవై వేగంలో వస్తోంది’ అని చెప్పండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చప్పుడు వచ్చే రోడ్డుకే తీసుకెళ్లండి. లింక్ రాడ్డు మీద అనుమానం ఉంటే రెండు వైపులా విప్పి, కదలకుండా కట్టి, నెమ్మదిగా కొద్దిదూరం నడిపి చూడమనండి. చప్పుడు పోతే కొత్తది కొనకముందే సంగతి తేలిపోతుంది. చూశాక మళ్లీ బిగించాకే బయటికి తీయాలి.

షాకర్లు మారిస్తే ఒకే జతలోని రెండూ మార్చాలి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి కొత్త బుష్ కూడా తొందరగా చిరుగుతుంది. స్ట్రట్, ఆర్మ్, టై రాడ్ ఏది విప్పినా తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అయితే అలైన్‌మెంట్ ఒక్కటే చేయిస్తే చప్పుడు పోదు. బుష్‌ల మీద కాలిన ఇంజిన్ ఆయిల్ పోస్తే నాలుగు రోజులు నోరు మూసుకుంటాయి, తర్వాత రబ్బరే పాడవుతుంది. తీసిన పాత పార్టు చూపించమనండి, కొత్తదానికి బిల్లు తీసుకోండి.

ఎప్పుడు బండి కదపకూడదు

లింక్ రాడ్డు చప్పుడుతో నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు, నాలుగు రోజుల్లో బాగుచేయించుకోవచ్చు. బాల్ జాయింటు, టై రాడ్ అలా కాదు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. టై రాడ్ ఊడితే ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు. ఒక పక్క కాలువ, ఒక పక్క పొలం ఉన్న ఇరుకు రోడ్డు మీద ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్టీరింగ్‌లో ఆట పెరిగినా, బండి ఒక పక్కకు లాగుతూ ‘ధబ్’మంటున్నా, చక్రం వంకరగా కనిపించినా, వీల్ నట్టు ఊడినా, స్ప్రింగు విరిగి టైరు వైపు వచ్చినా అక్కడే పక్కకు ఆపండి. ఇంట్లోవాళ్లను బస్సులోనో, ఆటోలోనో పంపి, బండిని క్రేన్ మీద షెడ్డుకు చేర్చాలి.