రూబీ మయర్స్ (సులోచన)

రూబీ మయర్స్ (1907 - అక్టోబరు 10, 1983) సులోచన అనే తెరపేరుతో ప్రసిద్ధి చెందిన భారతీయ చలనచిత్ర నటి. మూకీ చిత్రాల కాలంలో ఈమె బొంబాయి చిత్రసీమలో అత్యధిక ప్రజాదరణ పొందిన తార. 1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని అందుకున్నది. తరువాతి కాలపు హిందీ, మరాఠీ నటి సులోచన లాట్కర్ వేరు, ఈమె వేరు.

తొలి జీవితం

రూబీ మయర్స్ పూణేలో, బాగ్దాదీ యూదుల కుటుంబంలో జన్మించింది. సినిమాలలోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసేది. కోహినూర్ ఫిల్మ్ కంపెనీకి చెందిన దర్శకుడు మోహన్ భవ్నానీ ఈమెను చూసి నటించమని అడిగాడు. సినిమాలలో నటించడం గౌరవప్రదమైన వృత్తి కాదని భావించే రోజులు కావడంతో రూబీ మొదట నిరాకరించింది. భవ్నానీ పట్టు విడవకపోవడంతో చివరకు అంగీకరించింది. అప్పటికి ఈమెకు నటనలో ఏ అనుభవమూ లేదు.

ఆ కాలంలో సంప్రదాయ కుటుంబాలవారు తమ స్త్రీలను తెరపైకి పంపేవారు కారు. అందువల్ల యూదు, ఆంగ్లో ఇండియన్ యువతులు పలువురు హిందూ పేర్లతో తారలయ్యారు. రెనీ స్మిత్ సీతాదేవి అయినట్లే రూబీ మయర్స్ సులోచన అయింది. మూకీ చిత్రాలలో సంభాషణలు తెరపై అక్షరాల రూపంలో కనిపించేవి కనుక ఈ తారలకు హిందుస్తానీ వచ్చునా రాదా అన్న ప్రశ్నే తలెత్తలేదు.

మూకీ చిత్రాలు

1925లో వీర్ బాలతో ఈమె నటజీవితం ఆరంభమైంది. మరుసటి ఏడు చందూలాల్ షా దర్శకత్వంలో టైపిస్ట్ గర్ల్, భవ్నానీ దర్శకత్వంలో సినిమా క్వీన్ వెలువడ్డాయి. పురాణగాథలు రాజ్యమేలుతున్న ఆ రోజులలో ఉద్యోగం చేసే నగర యువతిని తెరమీద చూపడం ప్రేక్షకులకు కొత్తగా తోచింది. రవీంద్రనాథ్ టాగూరు నాటకం ఆధారంగా తీసిన బలిదాన్ (1927) లోనూ ఈమె నటించింది. రంగాచారియర్ అధ్యక్షతన ఏర్పడిన ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చిన వారిలో సులోచన కూడా ఉన్నది.

వైల్డ్‌కాట్ ఆఫ్ బాంబే (1927) చిత్రంలో ఈమె ఎనిమిది పాత్రలు ధరించింది. తోటమాలి, పోలీసు, హైదరాబాదు పెద్దమనిషి, వీధి కుర్రవాడు, అరటిపళ్ళు అమ్మే వ్యక్తి, ఐరోపా యువతి వీటిలో ఉన్నాయి. ఒకే నటి పురుష వేషాలు సహా ఇన్ని పాత్రలు ధరించిన ఈ చిత్రం ప్రతి నేడు లభ్యం కావడం లేదు.

తరువాత ఈమె ఆర్దేషిర్ ఇరానీకి చెందిన ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీలో చేరింది. అక్కడ ఆర్.ఎస్.చౌదరి దర్శకత్వంలో అనార్కలి, మాధురి (1928), ఇందిరా బి.ఏ. (1929) చిత్రాలలో నటించింది. అదే సమయంలో సీతాదేవి నాయికగా మరొక సంస్థ కూడా అనార్కలి కథను తీస్తున్నది. ఇంపీరియల్ వారు త్వరపడి తమ చిత్రాన్ని ముందుగా విడుదల చేసి విజయం సాధించారు. ఖాదీ ప్రదర్శనను మహాత్మా గాంధీ ప్రారంభించిన దృశ్యాలతో తయారైన లఘుచిత్రానికి, మాధురిలోని సులోచన నృత్యాన్ని ధ్వనితో కలిపి జోడించి ప్రదర్శించారు. ఈమె జనాకర్షణ ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చును.

టాకీల రాక

1931 మార్చి 14న విడుదలైన తొలి భారతీయ టాకీ ఆలం ఆరాను నిర్మించినది ఇంపీరియల్ సంస్థే. అయినా ఆ సంస్థలో అగ్రతార అయిన సులోచనకు అందులో స్థానం దక్కలేదు. హిందుస్తానీ ధారాళంగా రాకపోవడమే దీనికి కారణం. నాయిక పాత్ర జుబేదాకు లభించింది. (తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదను నిర్మించినది కూడా ఆర్దేషిర్ ఇరానీయే.)

సులోచన ఒక సంవత్సరం పాటు నటన మాని భాష నేర్చుకున్నది. 1932లో మాధురి టాకీ రూపంతో తిరిగి వచ్చి విజయం సాధించింది. ఆపై తన మూకీలనే వరుసగా టాకీలుగా చేసింది: ఇందిరా ఎం.ఏ. (1934), అనార్కలి (1935), బంబయీ కీ బిల్లీ (1936). అయిదేళ్ళలో ఇందిర కూడా బి.ఏ. నుండి ఎం.ఏ.కు ఎదిగింది! ఈ కాలంలో ఈమె జీతం నెలకు 5,000 రూపాయలు. బొంబాయి గవర్నరు జీతం కన్నా ఇది ఎక్కువని జనం చెప్పుకునేవారు. ఖరీదైన షెవ్రొలే కారులో తిరిగేది. రూబీ పిక్స్ అనే స్వంత సంస్థను కూడా స్థాపించింది.

తోటి నటుడు డి.బిల్లిమోరియాతో ఈమె జంట 1930లలో ఎంతో పేరు పొందింది. 1933 నుండి 1939 వరకు ఈమె ఆయన సరసన మాత్రమే నటించింది. వారి అనుబంధం ముగియడంతో ఇద్దరి ప్రాభవమూ తగ్గింది. ఇంపీరియల్‌ను విడిచిన తరువాత ఈమెకు చెప్పుకోదగ్గ అవకాశాలు రాలేదు.

తరువాతి కాలం

1940ల నుండి ఈమె సహాయపాత్రలకు పరిమితమైంది. దిలీప్ కుమార్, నూర్జహాన్ నటించిన జుగ్ను (1947) లో వయసు మళ్ళిన ఆచార్యుడొకడు ఈమె పాత్రపై మనసుపడతాడు. ఇది అనుచితమంటూ మొరార్జీ దేశాయి ఆ చిత్రాన్ని నిషేధించాడు.

1953లో అనార్కలి మళ్ళీ తయారైంది. దర్శకుడు బంబయీ కీ బిల్లీని తీసిన నంద్‌లాల్ జస్వంత్‌లాల్. నాయిక బీనా రాయ్. రెండు పర్యాయాలు అనార్కలిగా నటించిన సులోచన ఈసారి సలీం తల్లి జోధాబాయి పాత్ర ధరించింది. తెలుగులో అంజలీదేవి అనార్కలిగా నటించిన చిత్రం రెండేళ్ళ తరువాత, 1955లో వచ్చింది.

దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన తరువాత కూడా ఈమె చిన్న పాత్రలలో నటిస్తూనే ఉన్నది. జూలీ (1975), ఖట్టా మీఠా (1978) వాటిలో కొన్ని. ఈమె తరువాతి సంవత్సరపు ఫాల్కే పురస్కారం తెలుగు దర్శకుడు బి.ఎన్.రెడ్డికి లభించింది. సులోచన 1983 అక్టోబరు 10న బొంబాయిలో మరణించింది.