పాత కారులో బ్రేక్ పెడల్ గట్టిపడిందా? లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఇలా

పాత కార్లలో బ్రేక్ పెడల్ మీద వచ్చే ఫిర్యాదులు ప్రధానంగా రెండు. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోవడం ఒకటి, రాయిలా గట్టిపడి ఎంత తొక్కినా దిగకపోవడం రెండోది. మొదటిది కనిపిస్తే ఎవరైనా భయపడి వెంటనే మెకానిక్ దగ్గరికి వెళతారు. రెండోదాన్ని మాత్రం ‘కాస్త బలంగా తొక్కితే ఆగుతోంది కదా’ అనుకుని నెలల తరబడి నెట్టుకొస్తారు. చివరికి గ్యారేజీకి తీసుకెళ్లినా చాలాసార్లు ముందుగా జరిగేది బ్రేక్ ప్యాడ్లు, లైనర్లు మార్చడమే. బిల్లు అవుతుంది కానీ పెడల్ మాత్రం అలాగే ఉంటుంది. పెడల్ గట్టిపడినప్పుడు మొదట అనుమానించాల్సింది చక్రాల దగ్గరి బ్రేకులను కాదు, కాలికి తోడ్పడే బూస్టర్‌ను.

పెడల్‌కు ఆ బలం ఎక్కడిది?

డ్రైవర్ కాలి బలం ఒక్కటే కారును ఆపదు. పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య పెద్ద గుండ్రటి డబ్బాలా కనిపించేదే బూస్టర్. దాని లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ గాలిని లోపలికి పీల్చుకునేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఏర్పడే వ్యాక్యూమ్‌ను ఒక గొట్టం ద్వారా బూస్టర్‌కు అందిస్తారు. పెడల్ తొక్కగానే డయాఫ్రమ్‌కు ఒకవైపు బయటి గాలి చేరుతుంది, రెండోవైపు వ్యాక్యూమ్ అలాగే ఉంటుంది. ఆ తేడాయే డయాఫ్రమ్‌ను ముందుకు నెడుతుంది.

ఈ తోడ్పాటు చిన్నదేమీ కాదు. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటర్‌కు దాదాపు ఒక కిలో. డయాఫ్రమ్ వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. పీడనంలో తేడా వాతావరణ పీడనంలో 70 శాతం ఉన్నా, లెక్క ప్రకారం 200 కిలోలకు పైగా బలం అందుతుంది. బూస్టర్ పనిచేయకపోతే ఆ లోటును కాలే పూడ్చాలి. హఠాత్తుగా ఆపాల్సి వచ్చినప్పుడు అంత బలం అందరికీ సాధ్యం కాదు. బండి ఆగేందుకు పట్టే దూరం ప్రమాదకరంగా పెరుగుతుంది.

తొలితరం అంబాసిడర్ల వంటి కొన్ని పాత కార్లకు అసలు బూస్టరే ఉండేది కాదు. వాటిలో పెడల్ గట్టిగా ఉండటం సహజం. కాబట్టి కారుకు బూస్టర్ ఉందో లేదో ముందుగా బానెట్ ఎత్తి చూసుకోవాలి.

ఇంట్లోనే మూడు పరీక్షలు

బండిని గాలి ఆడే చోట, సమతలమైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఉంచాలి.

మొదటిది: ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కాలి. దీంతో బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఖర్చయిపోయి పెడల్ గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. పెడల్ కాలి కింద కాస్త కిందికి జారితే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందుతోందని అర్థం. అసలు కదలకపోతే లోపం బూస్టర్‌లోనో, దానికి వ్యాక్యూమ్ తెచ్చే దారిలోనో ఉంది.

రెండోది: ఇంజిన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపేయాలి. తర్వాత కాస్త వ్యవధి ఇస్తూ పెడల్ తొక్కాలి. మొదటిసారి బాగా లోపలికి దిగి, తర్వాత ఒక్కోసారికీ పైపైనే ఆగుతుంటే మంచిదే. మొదటిసారే గట్టిగా తగిలితే వ్యాక్యూమ్ నిలవడం లేదు.

మూడోది: ఇంజిన్ నడుస్తుండగా పెడల్ నొక్కి, కాలు తీయకుండా ఇంజిన్ ఆపాలి. 30 సెకన్ల పాటు పెడల్ ఎత్తు మారకూడదు. మెల్లగా పైకి వస్తుంటే ఎక్కడో గాలి లీకవుతోంది.

పెడల్ తొక్కినప్పుడు కాళ్ల దగ్గర బుస్సుమని ఆగకుండా శబ్దం రావడం, ఇంజిన్ ఐడ్లింగ్ తడబడటం కూడా డయాఫ్రమ్ చిరిగిందనడానికి గుర్తులే.

బూస్టర్ మార్చే ముందు

పరీక్షలో తేడా వచ్చిందని వెంటనే బూస్టర్ మార్చనక్కర్లేదు. ముందు చవకైన భాగాలను చూడాలి. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఎండిన వ్యాక్యూమ్ గొట్టం చివర్లలో పగులుతుంది, క్లిప్పులు వదులవుతాయి. కొన్నిసార్లు పైకి బాగానే కనిపించే గొట్టం లోపలి పొర ఊడి దారికి అడ్డుపడుతుంది. గొట్టాన్ని బూస్టర్ వైపు నుంచి తీసి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా బొటనవేలితో మూస్తే బలంగా పీల్చాలి.

గొట్టంలోనో, బూస్టర్ ముఖం దగ్గరో చిన్న ప్లాస్టిక్ వన్‌వే వాల్వ్ ఉంటుంది. గాలి బూస్టర్ నుంచి ఇంజిన్ వైపే వెళ్లాలి. నోటితో ఊదితే రెండువైపులా గాలి పోయినా, ఏ వైపూ పోకపోయినా వాల్వ్ మార్చాల్సిందే.

గొట్టం, వాల్వ్ బాగుండి పీల్పు మాత్రం బలహీనంగా ఉంటే ఇంజిన్‌ను చూడాలి. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్ గేజ్ మీద సుమారు 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ఎత్తు ప్రతి 300 మీటర్లకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. దాదాపు 2,200 మీటర్ల ఎత్తున్న ఊటీలో పెడల్ కాస్త బిగువుగా అనిపించి, కిందికి వచ్చాక మామూలైతే అది లోపం కాకపోవచ్చు.

డీజిల్ కార్ల లెక్క వేరు. వాటి ఇన్‌టేక్‌లో చాలినంత వ్యాక్యూమ్ ఉండదు కాబట్టి విడిగా పంపు పెడతారు. చాలా పాత డీజిల్ బళ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అలాంటి బండిలో బ్యాటరీ లైటు వెలిగి, అదే సమయంలో బ్రేక్ గట్టిపడితే బెల్టు తెగిందేమో చూడాలి.

గొట్టం, వాల్వ్, వ్యాక్యూమ్ అన్నీ బాగున్నాకే బూస్టర్‌ను తప్పుపట్టాలి. బ్రేక్ ఆయిల్ తగ్గుతూ బయట ఎక్కడా కారడం లేదంటే మాస్టర్ సిలిండర్ వెనక సీలు గుండా బూస్టర్‌లోకి దిగుతూ ఉండవచ్చు. అప్పుడు బూస్టర్ ఒక్కటే మార్చితే కొత్తదీ పాడవుతుంది.

పరీక్షలన్నీ నెగ్గినా గట్టిగానే ఉంటే

అప్పుడే చక్రాల వైపు వెళ్లాలి. పెడల్ కీలు తుప్పుపట్టిందా, కాలిపర్ పిస్టన్ లేదా వీల్ సిలిండర్ జామయిందా, ప్యాడ్లు వేడికి మాడి అద్దంలా నున్నబడ్డాయా అని వరుసగా చూడాలి. ప్రయాణం తర్వాత ఒక చక్రమే బాగా వేడెక్కడం, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగడం దీనికి ఆధారాలు. చక్రాన్ని జాకీ మీద లేపినప్పుడు తిరగకపోతే మెకానిక్ బ్లీడర్ నిపుల్ వదులు చేసి చూస్తారు. వెంటనే చక్రం వదిలితే రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఒత్తిడిని పట్టి ఉంచుతోందనో, మాస్టర్ సిలిండర్ వదలడం లేదనో అనుమానించాలి. అయినా వదలకపోతే జామైంది ఆ చక్రం దగ్గరే.

బ్రేక్ ఆయిల్ బదులు పొరపాటున ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోసినా రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. డబ్బా మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 రకమే వాడాలి.

దారిలో గట్టిపడితే

ఇంజిన్ ఆగిపోయినా బూస్టర్‌లో రెండు మూడుసార్లకు సరిపడా వ్యాక్యూమ్ నిల్వ ఉంటుంది. పెడల్‌ను పదేపదే కొడితే అదీ ఖర్చవుతుంది. ఒకేసారి, అవసరమైతే రెండు కాళ్లతో, బలంగా నొక్కి ఉంచాలి. ఒక్కో గేరూ తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్ మెల్లమెల్లగా లాగాలి. స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది కాబట్టి తాళంచెవి తీయకూడదు.

పెట్రోల్ మిగులుతుందని ఘాట్ రోడ్డులో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగే అలవాటు ఇందుకే ప్రాణాంతకం. తిరుమల అయినా, శ్రీశైలం అయినా, అరకు అయినా తొలి మలుపుల్లోనే నిల్వ అయిపోతుంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోల్ ఇంజిన్‌లో వ్యాక్యూమ్ బాగా పెరుగుతుంది, ఇంజిన్ కూడా బండిని పట్టి ఉంచుతుంది.

15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. అయితే ఆ తేదీ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. పైన చెప్పిన మూడు పరీక్షలకు పది నిమిషాలు చాలు, పానా కూడా అక్కర్లేదు. తేడా కనిపించిన బండిని మాత్రం బాగయ్యేదాకా రోడ్డెక్కించకూడదు. గ్యారేజీకి కూడా లాగించుకునే తీసుకెళ్లాలి.